మన చెరువు నీళ్ళను ఎలా తేటపరుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి చుట్టుపక్కల చెరువు కట్టల మీద ఆదివారం పూట పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని నడవడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. ఎవరొచ్చినా అడిగేవి దాదాపు ఇవే సందేహాలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గర ఆగి చదువుకోండి.

## కట్ట ఎక్కగానే అడిగేవి

చిత్తడి నేల అంటున్నారు, మా ఊళ్ళో ఉన్నది మామూలు చెరువే కదా సార్?

ఆ మామూలు చెరువే చిత్తడి నేల. ఏడాదిలో కొంతకాలమైనా నీళ్ళు నిలిచి, ఆ తడికి అలవాటుపడిన మొక్కలూ ప్రాణులూ బతికే చోటు ఏదైనా ఈ మాట కిందికి వస్తుంది. చెరువు, కుంట, వాగు పక్కన ఎప్పుడూ ఊరుతుండే పల్లం, వరి మడి, అన్నీ అంతే. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ ఊళ్ళో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం కూడా ఇంత విశాలంగానే చూసింది. అందుకే ఫిబ్రవరి 2ను ప్రపంచ చిత్తడి నేలల దినంగా జరుపుకుంటున్నారు.

నేను మాత్రం చెరువులో ఒక భాగాన్ని ప్రత్యేకంగా చూడమంటాను. కట్ట దగ్గర లోతు నీళ్ళను కాదు. దానికి ఎదురుగా, వంక వచ్చి కలిసే వైపు, మోకాలి లోతులో జమ్మూ తుంగా మొలిచి ఉంటాయే, ఆ అంచును. నీళ్ళు బాగుపడేదీ, ప్రాణులు ఎక్కువగా పుట్టేదీ అక్కడే. చాలామంది దాన్ని పనికిరాని బురద అనుకుంటారు.

పులికాట్ కూడా ఇలాంటిదేనా?

అదీ చిత్తడి నేలే గానీ మంచినీటిది కాదు. కాళంగి, ఆరణి నదుల నీళ్ళూ సముద్రపు నీళ్ళూ కలిసే ఉప్పునీటి సరస్సు అది. మన దేశంలో చిల్కా తరువాత అంత పెద్దది. అక్కడ బతికే ప్రాణులు వేరు, జరిగే పనులూ కొంత వేరు. ఈ పేజీలో చెప్పేదంతా మంచినీటి చెరువులు, కుంటలు, వాగుల గురించి.

గుడి కోనేరులోనూ నీళ్ళే ఉంటాయి. మరి అది ఎందుకు పచ్చబడిపోతుంది?

కోనేటికి నాలుగు వైపులా రాతి మెట్లే. వేరు దిగడానికి మట్టి లేదు, నీరు పలచబడే అంచు లేదు. పూలు, పత్రి, నూనె, మనుషుల ఒంటి మురికి అందులో పడతాయి కానీ వాటిని తినే జీవాలు నిలబడే చోటు చాలా తక్కువ. ఎండ మాత్రం బాగా తగులుతుంది. దాంతో కంటికి కనబడని నాచు పెరిగి నీళ్ళు పసరులా అవుతాయి. తిరుమల స్వామి పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు కొన్నాళ్ళు మూసి, నీళ్ళు తీసి, శుభ్రం చేసి మళ్ళీ నింపుతారు. రాతి కోనేటికి మనుషులు చేసే ఆ పనిని చెరువుకు దాని తడి అంచు ఏడాది పొడవునా చేస్తుంది.

మనుషులు తవ్వి కట్టిన చెరువును ప్రకృతి అంటే ఎలా?

కట్టింది మనుషులే, నడిపేది మాత్రం ప్రకృతి. మన పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలను, ఉండకూడని 6 దోషాలను అందులో చెక్కించారు. ఎక్కడ పడితే అక్కడ గుంత తీయలేదు వాళ్ళు. వంక వాలు, కొండ పాదం, మట్టి గుణం చూసి కట్టారు. పై చెరువు మొరవ, అంటే మిగులు నీరు పొర్లిపోయే దారి, పారితే ఆ నీరు కింది చెరువులోకి, అది నిండితే ఆ కిందిదానికి పోయేలా గొలుసుకట్టుగా కట్టారు. దానివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. ఒక్కో చెరువు దగ్గరా నీరు కాస్త ఆగి, కాస్త మడ్డి దించుకుని, కాస్త తేటపడి కిందికి దిగుతుంది. వందల ఏళ్ళు అలా నిలిచిన నీటిలో చేరిన మొక్కలను, చేపలను, పక్షులను ఎవరూ తెచ్చి పెట్టలేదు.

## నీళ్ళు తేటపడే తీరు గురించి

వంకలో మురికి నీళ్ళు కలుస్తున్నా మొరవ దగ్గర తేటగానే ఉంటాయి. ఆ మురికంతా ఎక్కడికి పోతోంది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. కొంచెం పొడుగ్గా చెబుతాను.

వానకు ఎర్రగా పారే వంక నీటిలో మట్టి రేణువులు తేలుతుండడానికి కారణం నీటి వేగం. చెరువు అంచుకు రాగానే నేల పరుచుకుపోతుంది, నీరు పలచబడుతుంది, జమ్ము కాడలు అడ్డం పడతాయి. వేగం చచ్చిపోతుంది. ముందు ఇసుక, తరువాత ఒండ్రు, చివరికి సన్నని బంకమట్టి వరసగా అడుగుకు దిగుతాయి. మట్టి రేణువులను పట్టుకుని వచ్చిన భాస్వరం, పురుగుమందుల అవశేషాలు, సూక్ష్మక్రిములు కూడా చాలావరకు వాటితోనే కూర్చుంటాయి.

ఇక నీళ్ళలో మునిగి ఉన్న ఒక జమ్ము కాడను వేళ్ళతో రుద్ది చూడండి, జారుతుంది. ఆ జిగురు పొర నిండా బాక్టీరియా, నాచు, ఏకకణ జీవులు ఉంటాయి. నీళ్ళలో కరిగి వచ్చిన ఆహారపు వ్యర్థాలను, పేడను, మలాన్ని తినేది ఇవే. తిని, కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా, తమ ఒంటి పదార్థంగా మార్చుకుంటాయి. ఒక్క కాడ మీద ఉండేది కొంచెమే. కానీ అంచు పొడవునా ఉన్న కాడలు, వేళ్ళు, రాలిన ఆకులు అన్నిటి మీదా ఆ పొర ఉందని ఊహించుకోండి. మొక్కలు లేని చెరువులో ఆ జీవాలకు నిలబడే చోటు చాలా తక్కువ.

రోగక్రిముల సంగతి వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు కొన్ని చస్తాయి. కొన్నిటిని ఏకకణ జీవులు, నీటి ఈగలు తింటాయి. మనిషి కడుపులోని వెచ్చదనానికి అలవాటుపడ్డ క్రిములు బయటి నీటిలో ఎక్కువ రోజులు ఉండలేక తగ్గిపోతాయి. అందుకే నీరు ఎన్ని రోజులు ఆగుతుందన్నది ముఖ్యం. తూములా నేరుగా పారిపోతే ఈ పనులేవీ జరగవు.

మొక్కలు మురికిని పీల్చేస్తాయంటారు, నిజమేనా?

కొంత నిజం. మొక్కలు నత్రజనినీ భాస్వరాన్నీ ఆహారంగా తీసుకుంటాయి. అయితే వాటిని కోసి బయటికి తీయకపోతే, ఎండి కుళ్ళినప్పుడు అందులో చాలా భాగం తిరిగి నీళ్ళలోకే వస్తుంది.

మొక్క చేసే అసలు ఉపకారం వేరే. జమ్ము ఆకును అడ్డంగా కోస్తే లోపల తేనెపట్టులా గాలి గదులు కనిపిస్తాయి. ఆ దారిన గాలి ఆకు నుంచి వేరు దాకా దిగుతుంది. గాలి చొరబడని బురదలో వేరు చుట్టూ మాత్రం ప్రాణవాయువు ఉన్న సన్నని పొర ఏర్పడుతుంది. ప్రాణవాయువు కావాల్సిన బాక్టీరియా అక్కడ, అక్కర్లేనివి దాని పక్కనే బురదలో బతుకుతాయి. రెండు రకాలూ పక్కపక్కన ఉండే చోటు దొరకడం వల్లే ఎన్నో రకాల వ్యర్థాలు విరిగిపోతాయి. జర్మనీ శాస్త్రవేత్త కేథ్ సైడెల్ 1950ల్లోనే నీటి మొక్కలతో ఈ దిశగా ప్రయోగాలు మొదలుపెట్టారు.

పొలాల్లో చల్లిన యూరియా చెరువులోకి వస్తే ఏమవుతుంది?

యూరియా నీళ్ళలో విరిగి అమోనియా అవుతుంది. ఎక్కువైతే అది చేపలకు విషం. చెరువు అంచులో ప్రాణవాయువు ఉన్న చోట ఒక జాతి బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా, ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్ గాలి ఆడని బురదలోకి దిగాక మూడో రకం బాక్టీరియా అందులోని ఆక్సిజన్‌ను వాడుకుని, నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. గాలిలో 78 శాతం ఉన్నది ఈ నత్రజనే. అంటే పొలం నుంచి కారిన ఎరువు ఎవరికీ హాని చేయకుండా గాలిలో కలిసిపోతుందన్నమాట.

ఈ పని జరగకపోతే నైట్రేట్ ఊటతో పాటు బావుల్లోకి, బోర్లలోకి దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. అంతకు మించితే మరీ చిన్న పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేకపోతుంది. పాలపొడి కలిపే నీళ్ళు బోరువైతే ఒకసారి పరీక్ష చేయించండి.

భాస్వరం కూడా గాలిలోకే పోతుందా?

పోదు. బురదలోని ఇనుము, అల్యూమినియం, కాల్షియంలకు అంటుకుని అడుగున ఉండిపోతుంది. బురదలో ప్రాణవాయువు పూర్తిగా పోయినప్పుడు ఇనుము పట్టు వదలడంతో కొంత మళ్ళీ నీళ్ళలోకి వస్తుంది. డ్రైనేజీ ఆపేశాక కూడా కొన్ని చెరువులు ఏళ్ళ తరబడి పచ్చగానే ఉండడానికి ఇదొక కారణం. ఎండాకాలంలో రైతులు బండ్లమీద చెరువు మట్టి పొలాలకు తోలుకునే పాత అలవాటు దీనికి మంచి విరుగుడు. పేరుకున్న భాస్వరం చెరువులోంచి బయటపడుతుంది, చేలకు బలమవుతుంది.

బురద తొక్కితే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. అది మురికి కాదా?

అంచు బురదలో కాస్త వాసన సహజం. గాలి ఆడని చోట పనిచేసే బాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. బుడగలుగా పైకి వచ్చేదాంట్లో మీథేన్ ఉంటుంది. కాలు పెట్టినప్పుడు మాత్రమే వాసన వస్తే కంగారుపడకండి. కట్ట మీద నిలబడ్డా కంపు కొడుతూ, నీళ్ళు నల్లగా ఉన్నాయంటే మాత్రం చెరువు మోయగలిగిన దానికంటే ఎక్కువ మురుగు వచ్చి పడుతోంది.

నీళ్ళు అద్దంలా ఉన్నాయి, తాగొచ్చా?

వద్దు. తేటగా ఉండడం వేరు, తాగడానికి పనికిరావడం వేరు. పూర్వం ఇళ్ళలో బిందె లోపల చిల్లగింజ అరగదీసి మడ్డిని దించేవారు. నీరు తేటపడేది, క్రిములన్నీ మాత్రం పోయేవి కావు. చెరువు కూడా క్రిములను బాగా తగ్గిస్తుంది కానీ పూర్తిగా లేకుండా చేయలేదు. తాగే నీటిలో 100 మిల్లీలీటర్లకు ఒక్క ఇ-కోలై క్రిమి కూడా ఉండకూడదు. కాచి తాగాలి, లేదా క్లోరిన్ కలపాలి.

ఇంకో మాట. రాళ్ళ నుంచి బోరు నీటిలోకి వచ్చే ఫ్లోరైడ్‌ను జమ్మూ తుంగా తీసేయలేవు. ఆ బాధ ఉన్న ఊళ్ళలో చెరువు నిండితే మంచినీరు భూమిలోకి ఇంకి, కొన్ని బావుల్లో ఫ్లోరైడ్ గాఢత తగ్గవచ్చు. అది పలచబడడమే, శుద్ధి కాదు.

స్వర్ణముఖిలో చెలమ తవ్వితే వచ్చే నీళ్ళు అంత తేటగా ఎందుకుంటాయి?

స్వర్ణముఖి వానలప్పుడే పారుతుంది, మిగతా నెలల్లో నీరు ఇసుక కింద దాగి ఉంటుంది. ఆ నీరు రేణువుల మధ్య నెమ్మదిగా జారుతుంటే మట్టి ఆగిపోతుంది. ఇసుక గింజల మీద అంటుకున్న జీవపొర కరిగిన వ్యర్థాలనూ క్రిములనూ పట్టుకుంటుంది. పట్టణాల్లో మంచినీటికి కట్టే నిదానపు ఇసుక ఫిల్టర్ పనిచేసేదీ ఈ పద్ధతిలోనే. ఇసుకను లోతుగా తవ్వి తీసుకుపోయిన చోట ఈ వడపోత పోతుంది, పక్క పొలాల బావుల్లో నీళ్ళూ దిగిపోతాయి. నా చిన్నప్పుడు చెలమలో చెంబు ముంచి తాగేవాళ్ళం. ఇప్పుడు ఎగువ నుంచి ఊళ్ళ మురుగు కలుస్తున్న చోట్ల ఆ పని చేయకండి.

## చెరువులో బతికే వాటి గురించి

చెరువు ఉంటే దోమలు పెరుగుతాయి కదా? మా కాలనీలో అందరికీ ఇదే టెన్షన్.

ఆరోగ్యంగా ఉన్న చెరువులో దోమ గుడ్డు పెట్టినా పిల్ల బతికి బయటపడడం కష్టం. తూనీగ పిల్లలు నీళ్ళలోనే పెరుగుతాయి, దోమ పిల్లలే వాటికి తిండి. పరిగెలు, నీటి పురుగులు కూడా వాటిని తింటాయి. డెంగ్యూ దోమ పెరిగేది చెరువులో కాదు. మేడ మీది డ్రమ్ములో, కూలర్ అడుగున, పాత టైర్లో, పూలకుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీళ్ళలో. రాత్రిళ్ళు కుట్టే క్యూలెక్స్ దోమలకు మురుగు కాలువలు, చేపలు బతకలేనంత కుళ్ళిన నీళ్ళు ఇష్టం. కాబట్టి చెరువు దగ్గర దోమలు విపరీతంగా ఉన్నాయంటే అందులోకి ఏ మురుగు వస్తోందో చూడాలి. పూడ్చడం మందు కాదు.

దోమల కోసం గంబూసియా చేపలు వదలమంటారు. 1928 ప్రాంతంలో మన దేశానికి తెచ్చిన బయటి జాతి అది. కప్ప గుడ్లనూ మన చిన్న చేపల పిల్లలనూ కూడా తినేస్తుంది. పాత బావికో తొట్టికో సరే, చెరువులో వద్దు.

అన్ని కొంగలు ఒకే చెరువుకు ఎందుకు వస్తాయి?

తిండి, గూడు, భయం లేని చోటు, ఈ మూడూ దగ్గర్లో దొరికితే వస్తాయి. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న నేలపట్టు దీనికి చక్కటి ఉదాహరణ. దాన్ని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి చెరువులో నీళ్ళలోనే నిలబడి పెరిగే చెట్లున్నాయి. అక్టోబర్ నుంచి మార్చి దాకా గూడబాతులు వాటి మీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి, మేతకు పులికాట్ దాకా వెళ్ళి వస్తాయి. నత్తగుల్ల కొంగలు, కంకణాలు, నీటికాకులు కూడా చేరతాయి. చుట్టూ నీళ్ళుంటే పిల్లులూ కుక్కలూ గూటి దాకా రాలేవు.

పక్షులు ఊరికే తీసుకుని పోవు. వాటి రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి. ఆ చెరువు నీళ్ళు పారిన పొలం బలంగా ఉంటుందని అక్కడి రైతులు చెబుతారు. అందుకే పక్షులను తమ ఊరి అదృష్టంగా చూసుకుంటారు. టపాసుల చప్పుడు కూడా వాటికి పడదు. అలాంటి ఊరికి దీపావళికి వెళ్తే ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఎండాకాలం చెరువు పూర్తిగా ఎండిపోతుంది. వానలు పడగానే కప్పలూ నత్తలూ ఎక్కడి నుంచి వస్తాయి?

మట్టిలోంచే. ఎండ ముదిరేకొద్దీ కప్పలు తేమ ఉన్న లోతుకు దిగి కదలకుండా పడుకుంటాయి. గుల్లనత్త మూత బిగించుకుని బురదలో నిద్రపోతుంది. కొరమీను నేరుగా గాలి కూడా పీల్చగలదు కాబట్టి చిత్తడిగా ఉన్న గుంటలో కొన్నాళ్ళు నెట్టుకొస్తుంది. నీటి ఈగలు, చిన్న రొయ్య జాతులు పెట్టిన గుడ్లు, తుంగ విత్తనాలు ఎండిన మట్టిలో నెలలు, కొన్ని ఏళ్ళు కూడా తడి కోసం కాచుకుని ఉంటాయి.

ఎండడం చెరువుకు చావు కాదు. పగుళ్ళిచ్చిన మట్టిలోకి గాలి దూరితే, నీళ్ళ కింద కుళ్ళకుండా మిగిలిన చెత్త విరిగిపోతుంది. మన సీమ చెరువులకు అలా ఏటా ఒకసారి ఊపిరి తీసుకునే అలవాటు ఉంది. ఎండింది కదా అని మట్టితో మెట్ట చేసి ప్లాట్లు వేస్తే మాత్రం ఆ మట్టిలో పడుకున్నవన్నీ అక్కడే సమాధి అవుతాయి.

చెరువులో చేపపిల్లలు వదిలితే మంచిదేనా?

బొచ్చె, శీలావతి లాంటివి మితంగా అయితే ఫరవాలేదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను మన ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. అది దొరికిన ప్రాణినల్లా మింగుతుంది. జిలేబీ చేప కూడా త్వరత్వరగా పెరిగి మిగతా జాతుల చోటు లాక్కుంటుంది. అక్వేరియంలో విసుగొచ్చిన చేపలను చెరువులో వదలడం పుణ్యం కాదు, దయచేసి ఆ పని చేయకండి.

## చెరువు పాడైనప్పుడు అడిగేవి

గుర్రపుడెక్క కూడా మొక్కే కదా, నీళ్ళు శుభ్రం చేయదా?

చేస్తుంది. నత్రజని, భాస్వరం వేగంగా పీలుస్తుంది. చిక్కల్లా దాని దూకుడే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్కను అదుపు చేసే పురుగులు ఇక్కడ సహజంగా లేవు. మంచి ఎండ, మురుగు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నీటి మీద చాప పరిచినట్టు కమ్మేస్తే వెలుతురు కిందికి దిగదు, గాలి నీటిలో కరగదు, కింద ఉన్న మొక్కలూ చేపలూ చస్తాయి. అది పెరిగిందంటే చెరువులోకి మురుగు వస్తోందని అర్థం. ఆ మురుగు ఆపకుండా ఏటా డబ్బు పోసి తీయించడం వృథా. తీసిన దాన్ని గట్టున వదిలేస్తే కుళ్ళి మళ్ళీ చెరువులోకే చేరుతుంది, దూరంగా తీసుకెళ్ళి కంపోస్టు చేయాలి.

తెల్లారేసరికి చేపలన్నీ తేలిపోయాయి. ఎవరైనా విషం కలిపారా?

కావచ్చు, కానీ చాలాసార్లు కారణం ఊపిరాడకపోవడమే. పచ్చగా నాచు పట్టిన నీళ్ళలో పగలు ఆ నాచు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి అదే నాచు దాన్ని వాడుకుంటుంది. తెల్లవారుజామున అది అడుగంటుతుంది. వేసవిలో ఇంకా కష్టం. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు సుమారు ఏడున్నరే పట్టుకుంటుంది. రెండు రోజులు మబ్బు పట్టినా, మొదటి వాన కాలువల కుళ్ళంతా ఒక్కసారి తోసుకొచ్చినా, తెల్లారేసరికి చేపలు నోళ్ళు పైకెత్తి చస్తాయి. తెల్లవారుజామునే, అందులోనూ పెద్ద చేపలు ముందు చచ్చాయంటే దీన్ని అనుమానించండి. చేపలతో పాటు కప్పలు, పురుగులు, తాగిన పశువులు కూడా పడిపోతే విషం అనుకుని వెంటనే అధికారులకు చెప్పండి, నీళ్ళ శాంపిల్ పట్టి ఉంచండి.

జమ్ము బాగా పెరిగిపోయింది. జేసీబీ పెట్టి మొత్తం పీకించేద్దామా?

మొత్తం వద్దు. ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ళ క్రితం మేమే ఒక చిన్న చెరువును ‘క్లీన్’ చేశాం. చందాలు వేసుకుని యంత్రం పెట్టి, అంచు చుట్టూ ఉన్న జమ్మును వేళ్ళతో సహా గీకించి, గట్టును నిటారుగా చెక్కించాం. ఫొటోల్లో అద్భుతంగా ఉంది. ఆ వానాకాలం వంక నీరు ఆగకుండా నేరుగా నడి చెరువులోకి వచ్చింది, ఎర్రనీళ్ళు తేరుకోనే లేదు. ఎండలు మొదలయ్యాక నీళ్ళు పసరెక్కాయి. ఏటా జమ్ములో పిల్లలు చేసే నీటికోళ్ళు ఆ ఏడు కనిపించలేదు. జమ్ము మళ్ళీ మొలిచి, చెరువు తేరుకోవడానికి మూడు వానాకాలాలు పట్టింది. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. అందుకే ఎవరు యంత్రం మాట ఎత్తినా ముందు ఈ సంగతి చెబుతాను.

సరైన పద్ధతి ఇది. తూము, మొరవ, కట్ట దగ్గర జమ్ము లేకుండా చూడండి, అక్కడ అది అడ్డమే. వంక కలిసే వైపు ఉంచండి. ఏటా మూడో వంతు మాత్రం, పక్షులు పిల్లలు చేయని ఎండాకాలంలో, కొడవలితో కోసి బయటికి మోయించండి. వేళ్ళు అలాగే ఉండనివ్వండి.

చుట్టూ రాతి గోడ కట్టి, టైల్స్ వేసి, వాకింగ్ ట్రాక్ చేస్తే చెరువు బాగుపడినట్టే కదా?

నడవడానికి కట్ట ఉంది, దాని మీద ట్రాక్ వేసుకుంటే చెరువుకు నష్టం లేదు. చుట్టూ నిటారు గోడ కడితే మాత్రం పలచటి అంచు పోతుంది. మొక్క మొలవదు, కప్ప గట్టెక్కలేదు, ఇక మిగిలేది పెద్ద తొట్టి. దాంట్లో ఫౌంటెన్లు పెట్టి రోజూ కరెంటు కాల్చాల్సి వస్తుంది. మీ ఊరి ప్లాన్ తయారయ్యేటప్పుడే వంక కలిసే వైపు వాలుగా, మట్టిగా వదిలేయమని అడగండి. ఆ వైపు పక్షులను చూడడానికి ఒక చెక్క వేదిక వేయిస్తే జనం తప్పకుండా వస్తారు.

వినాయక నిమజ్జనం రంగులు కూడా చెరువు శుభ్రం చేసుకోలేదా?

చేసుకోలేదు. కొన్ని రంగుల్లో ఉండే సీసం, క్రోమియం లాంటి లోహాలను ఏ బాక్టీరియా కూడా మాయం చేయలేదు. అవి బురదకు అంటుకుని ఉండిపోతాయి, అక్కడి నుంచి నత్తల్లోకి, చేపల్లోకి వెళ్తాయి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ నీళ్ళలో సరిగా కరగదు. దానితో విగ్రహాలు చేయొద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ఉంది. అదే చెరువు మట్టితో చేసిన వినాయకుడైతే తిరిగి అదే మట్టిలో కలుస్తాడు.

2021 వరదలకు చెరువులే కారణమన్నారు. చెరువులుంటే ప్రమాదం కాదా?

2021 నవంబర్‌లో తిరుపతి వీధులు మునిగాయి. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకేజీ రావడంతో కింది పల్లెలను ఖాళీ చేయించారు. ఆ రోజుల భయం నాకూ గుర్తుంది. బలహీనమైన కట్ట ప్రమాదమే, అందులో సందేహం లేదు. కట్ట మీద చెట్ల వేళ్ళు, ఎలుక బొరియలు, ఆక్రమణకు గురైన మొరవ కాలువ, వీటిని వానలకు ముందే చూసుకోవాలి. అయితే శేషాచలం మీద కురిసిన వాన ఎక్కడో ఒకచోట ఆగాలి. చెరువులు, పల్లపు నేలలు, వంకల ఒడ్డులు ఆ నీటిని పంచుకుని నిదానంగా వదులుతాయి. వాటిని పూడ్చి ఇళ్ళు కట్టిన చోటికి కూడా నీరు తన పాత దారిలోనే వస్తుంది.

## మనం ఏం చేయొచ్చని అడిగేవి

చెరువే శుభ్రం చేస్తుందంటున్నారు, మరి డ్రైనేజీ నీళ్ళు అందులోకి వదిలేయొచ్చుగా?

అలా కాదు. కోల్‌కతా తూర్పున సుమారు 12,500 హెక్టార్ల చిత్తడి నేలలు నగరపు మురుగును తీసుకుని చేపలూ కూరగాయలూ పండిస్తున్న మాట నిజమే. దాన్ని 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. కానీ అక్కడ మురుగును కాలువల్లో ఆపి, మడ్డి దించి, పలచటి చెరువుల్లోకి కొలిచి వదులుతారు. ఎండకు, నాచుకు, బాక్టీరియాకు పని పూర్తిచేసే వ్యవధి ఇస్తారు. తరాలుగా ఆ పని తెలిసిన చేపల రైతులు ఉన్నారు. మన ఊరి 50 ఎకరాల చెరువులోకి పట్టణపు మురుగంతా పైపుతో తోస్తే ఆ లెక్క కుదరదు. శుద్ధి కేంద్రంలో బాగుచేసిన నీటిని, చివరి మెరుగు కోసం, జమ్ము అంచు గుండా చెరువులోకి పంపితే మాత్రం ఉపయోగం ఉంది. ఫ్యాక్టరీ రసాయనాలైతే అసలే కలవకూడదు.

మా ఇంటి వెనక చిన్న స్థలం ఉంది. అంట్లు తోమిన నీళ్ళు, స్నానం నీళ్ళు ఇలా బాగుచేసుకోవచ్చా?

చక్కగా చేసుకోవచ్చు. మన పెరళ్ళలో ఆ నీళ్ళను అరటి, చేమ పాదులకు పారించింది ఇందుకే. కొంచెం పద్ధతిగా చేయాలంటే మనిషికి ఒకటి, రెండు చదరపు మీటర్ల లెక్కన సుమారు 60 సెంటీమీటర్ల లోతు గుంట తీయండి. అడుగున నీరు ఇంకకుండా మందపాటి షీటో సిమెంటో వేయండి. సన్న కంకర నింపి మెట్టతామర, జమ్ము నాటండి. నీళ్ళు ముందుగా ఒక చిన్న తొట్టిలో ఆగి, నూనె జిడ్డు, మెతుకులు అక్కడే ఉండిపోయి, తరువాత కంకరలోకి రావాలి. ఆ తొట్టిని వారానికోసారి శుభ్రం చేయకపోతే కంకర మూసుకుపోతుంది. నీటిమట్టం కంకరకు నాలుగు వేళ్ళు కిందనే ఉండేలా రెండో చివర పైపు పెట్టండి, దోమలు రావు. వచ్చిన నీళ్ళు మొక్కలకు వాడుకోండి. మరుగుదొడ్డి నీళ్ళు ఇందులో కలపకండి.

చెరువును ఆక్రమిస్తుంటే ఏ చట్టం పట్టుకోవాలి?

ఇక్కడ చాలామంది పొరబడతారు. కేంద్రం తెచ్చిన 2017 చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులకు వర్తించవు. కొల్లేరుకు 2002లో వచ్చిన రామ్‌సర్ గుర్తింపు లాంటిది మన ఊరి చెరువుకు లేదు. మనకు ఆధారం 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా. చెరువులు, కుంటలు సమాజపు ఆస్తి, వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ముందు రెవెన్యూ రికార్డులో చెరువు సర్వే నంబరు, విస్తీర్ణం తీసుకోండి. పూర్తి నీటిమట్టం హద్దు, అంటే ఎఫ్‌టీఎల్, గుర్తించమని తహసీల్దారుకూ జలవనరుల శాఖకూ రాతపూర్వకంగా అడగండి. రసీదు తీసుకోవడం మరవకండి. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇవ్వొచ్చు. అక్కడా తేలకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచ్ ఉంది.

ల్యాబ్ లేకుండా చెరువు ఆరోగ్యం మేమే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, పిల్లలతో చేయిస్తే ఇంకా బాగుంటుంది. ఒక తెల్ల పళ్ళేనికి తాడు కట్టి, కింద రాయి కట్టి, నీళ్ళలోకి దించండి. ఎంత లోతులో కనబడకుండా పోయిందో తాడు మీద ముడి వేసి కొలవండి. ప్రతి నెలా అదే చోట, మధ్యాహ్నం పూట, మొరవ దగ్గర ఒకసారి, వంక కలిసే చోట ఒకసారి చేయాలి. రెండు కొలతల తేడాను చూస్తే మీ చెరువు అంచు ఎంత మడ్డి దించిందో అర్థమవుతుంది. తరువాత ఒక జల్లెడతో జమ్ము మొదళ్ళ దగ్గర బురద తీసి తెల్ల గిన్నెలో పోసి చూడండి. తూనీగ పిల్లలు, నత్తలు, నీటి పురుగులు రకరకాలుగా కనిపిస్తే నీళ్ళు బాగున్నట్టు. ఎర్రటి సన్న పురుగులు మాత్రమే గుంపులుగా ఉంటే ఆక్సిజన్ తగ్గినట్టు. తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకోండి. ఈత రానివాళ్ళు కట్ట దిగకూడదు, పిల్లల పక్కన ఒక పెద్దవాళ్ళు తప్పనిసరి. కార్తీకంలో మొదలుపెడితే చెరువు నిండుగా ఉంటుంది, వేసవి దాకా ఏడెనిమిది కొలతలు చేతిలో ఉంటాయి.